గోదావరి గట్టున బొమ్మల బడి
28 ఏళ్లు నిండకుండానే కన్నుమూసిన దామెర్ల రామారావు

రాజమండ్రి: కోర్టు పని మీదో, ఆసుపత్రి పని మీదో, పుష్కర స్నానానికో రాజమండ్రి వచ్చే పల్లెటూళ్ల జనం గోదావరి గట్టు చుట్టుపక్కల తిరిగి సాయంత్రం బస్సుకి ఊరు చేరుకుంటారు. ఆ గట్టుకు దగ్గరలోనే దామెర్ల రామారావు పేరుతో ఒక చిత్రశాల, దాన్ని అంటిపెట్టుకుని ఒక చిత్రకళా పాఠశాల ఉన్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. వందేళ్ల కిందట ఆయన వేసిన బొమ్మలు అక్కడ గోడలకు వేలాడుతుంటాయి. బొమ్మలు వేయడం ఒక విద్య అనీ, దాన్ని పద్ధతిగా నేర్పే బడి తెలుగునాట ఉండాలనీ తలచి, సొంతంగా బడి పెట్టిన మనిషి ఆయన. ఆ బడి పెట్టిన రెండు మూడేళ్లకే ఆయన పోయారు. బడి మాత్రం నిలబడింది. అది ఎలా నిలబడిందో జిల్లా ప్రజలు తెలుసుకోవలసిన విషయం.

వైద్యుని ఇంట పుట్టిన చిత్రకారుడు

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి దామెర్ల వెంకటరమణారావు వైద్యులు. అప్పటి రాజమండ్రి మద్రాసు రాజధానిలో పేరున్న పట్నం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టాకు నీళ్లు వచ్చాయి. 1900 నాటికి గోదావరి మీద రైలు వంతెన నడక మొదలైంది. వీరేశలింగం పంతులు గారి సంస్కరణల వేడి ఊరంతా ఉంది. బళ్లు, కాలేజీ, పత్రికలు, నాటకాలు అన్నీ ఉన్న ఊరే గాని, బొమ్మలు వేయడం నేర్పే చోటు మాత్రం లేదు.

ఆ రోజుల్లో మన పల్లెల్లో బొమ్మ అంటే రవివర్మ ప్రెస్సులో అచ్చయి వచ్చిన లక్ష్మీ సరస్వతుల పటాలు, నాటకాల వాళ్ల తెరలు, గుడి గోడల మీద రంగులు, ముగ్గులు. వాటిని వేసేవారి చేతిలో పనితనం ఉన్నా, పెద్ద చదువుల మధ్య దానికి చోటు లేదు. పెద్దింటి పిల్లవాడు బొమ్మలు వేస్తానంటే కూడు పెట్టని పనిగా చూసే కాలం. రామారావు చిన్నతనం నుంచి కాగితం, బొగ్గు, పెన్సిలు ఏది దొరికితే దానితో గీస్తూ పెరిగారు.

చేయి పట్టి నడిపించిన కూల్డ్రే దొర

రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి 1909 నుంచి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన ప్రిన్సిపాలుగా ఉండేవారు. ఆయన కవి, చిత్రకారుడు కూడా. దొరల కాలంలో దొరగా ఉంటూనే మన శిల్పాలను, మన బొమ్మలను ప్రేమించిన మనిషి. తెలివైన పిల్లలను చేరదీసి, వాళ్లలో ఏ విద్య ఉంటే దాన్ని పైకి తీయడం ఆయన అలవాటు. తర్వాత నవలాకారుడుగా, చిత్రకారుడుగా పేరు పొందిన అడివి బాపిరాజు, కవి కవికొండల వెంకటరావు ఆయన శిష్యులే. రామారావు చేతిలో ఉన్న పస కనిపెట్టినవారు కూడా ఆయనే.

కూల్డ్రే తన శిష్యులను అజంతా గుహలు చూపించడానికి తీసుకువెళ్లారు. అజంతా అప్పట్లో నైజాం రాజ్యంలో ఉండేది. హైదరాబాదు సర్కారు 1914లో పురావస్తు శాఖ పెట్టి, గులాం యజ్దానీ గారి పర్యవేక్షణలో ఆ గుహలను కాపాడే పని చేపట్టింది. వెయ్యేళ్లకు పైబడిన ఆ గోడ బొమ్మల్లో మనుషుల కళ్లు, చేతివేళ్లు, నడుము వంపు ఒక్క గీతతో పలికే తీరు రామారావు మనసులో నాటుకుపోయింది. తర్వాత ఆయన వేసిన బొమ్మల్లో ఆ గీత కనబడుతూనే ఉంటుంది.

బొంబాయి చదువు

కూల్డ్రే ప్రోత్సాహంతో రామారావు 1916లో బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. అప్పుడు దానికి సెసిల్ బర్న్స్ ప్రిన్సిపాలు. తెలుగు దేశం నుంచి ఒక కుర్రవాడు బొమ్మల చదువు కోసం అంత దూరం వెళ్లడం ఆనాటికి కొత్త సంగతి. ఇంగ్లీషు పద్ధతిలో నడిచే ఆ బడిలో ముందు ప్లాస్టరు బొమ్మలను ఎదురుగా పెట్టుకుని గీయాలి. తర్వాత మనిషిని కూర్చోబెట్టి ఎముక ఎక్కడ ఉంది, కండ ఎక్కడ తిరిగింది, వెలుగు ఎటు పడింది, నీడ ఎంత ఉంది అని చూసి గీయాలి. ఏళ్ల తరబడి చేతికి ఈ సాము చేయించి గాని రంగు జోలికి సాగనివ్వరు. రామారావు 1920 నాటికి ఆ చదువు ముగించారు. మధ్యలో 1919లో సత్యవాణి గారితో ఆయనకు వివాహమైంది.

చదువు అయ్యాక ఆయన ఇంటి పట్టున కూర్చోలేదు. ఉత్తరాదిన గుజరాతు వైపు, తూర్పున కలకత్తా వైపు తిరిగారు. ఎక్కడికి వెళ్లినా చేతిలో కాగితాల పుస్తకం ఉండేది. నీళ్లు మోసే ఆడవాళ్లు, పశువుల కాపరులు, కొండలు, చెరువులు, ఏది కనబడితే అది గీసుకునేవారు. కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూరు వర్గం వారు కొత్తగా నడుపుతున్న బెంగాలీ పద్ధతిని కూడా చూశారు. కాగితాన్ని తడిపి, పలుచని రంగును పొర మీద పొరగా పరిచే పద్ధతి అది. బొమ్మ మంచు తెర వెనక ఉన్నట్టు కనబడుతుంది.

రామారావు దాన్ని ఉన్నదున్నట్టు అనుకరించలేదు. బొంబాయిలో నేర్చిన శరీర నిర్మాణ జ్ఞానాన్ని వదలలేదు. అజంతా గీతను వదలలేదు. రంగును తేటగా ఉంచారు. మొహాలు, కట్టూ బొట్టూ మన తెలుగువారివి. ఆంధ్రుల పద్ధతి అని చెప్పుకోదగిన ఒక తీరు ఆయన చేతిలో అలా రూపు కట్టింది.

పేరు తెచ్చిన బొమ్మలు

ఆయన బొమ్మల్లో ముందు చెప్పుకోవలసింది ఋష్యశృంగ బంధనం. వానలు లేక ఎండిపోయిన అంగదేశానికి ఆడ మొహం ఎరుగని ముని కుమారుణ్ని వేశ్యలు మరులుగొల్పి తీసుకురావడం, ఆయన అడుగు పెట్టగానే వాన కురవడం రామాయణంలో కథ. హరికథల్లో పల్లె జనం విన్నదే. ఈ చిత్రానికి 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి వచ్చింది. దానితో రాజమండ్రి కుర్రవాడి పేరు దేశమంతా తెలిసింది.

సిద్ధార్థునికి యశోధర మీద అనురాగం మొలకెత్తిన ఘట్టాన్ని సిద్ధార్థ రాగోదయం పేరుతో వేశారు. పుష్పాలంకరణ, నందిపూజ కూడా పేరు పొందాయి. నందిపూజ చూస్తే మన ఊరి శివాలయానికి పోయే ఆడవాళ్లే గుర్తొస్తారు. తూర్పు కనుమల మధ్య నుంచి వచ్చే గోదావరిని కూడా ఆయన రంగుల్లో పట్టుకున్నారు. లాంచీలో పాపికొండలకు వెళ్లి వచ్చినవారు ఆ బొమ్మ ముందు నిలబడితే నదిని పోల్చుకోగలరు. 1924లో ఇంగ్లండులోని వెంబ్లీలో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఆయన చిత్రాలను ఉంచారు.

సొంత ఊళ్లో బడి

ఇంత పేరు వచ్చాక బొంబాయిలోనో కలకత్తాలోనో స్థిరపడితే డబ్బుకు, పలుకుబడికి లోటుండేది కాదు. ఆయన సొంత ఊరికే తిరిగి వచ్చారు. 1922-23 ప్రాంతంలో రాజమండ్రిలో చిత్రకళకు ఒక బడి పెట్టారు. సర్కారు పెట్టిన బడి కాదది. ఆయన, ఆయన మిత్రులు కలిసి పెట్టుకున్నది. అదే కాలంలో బందరు జాతీయ కళాశాలలో బెంగాలు నుంచి వచ్చిన ప్రమోద కుమార ఛటర్జీ చిత్రకళ నేర్పుతున్నారు. హైదరాబాదులో కళలకు, చేతిపనులకు సర్కారు బడి 1940లో గాని రాలేదు. దానికి పదిహేనేళ్లకు పైగా ముందే రాజమండ్రిలో ఒక తెలుగు యువకుడు సొంతంగా ఈ పనికి పూనుకున్నాడన్నమాట.

రామారావు బడిలో మరో విశేషం ఉంది. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఇద్దరూ కుంచె పట్టారు, చిత్రకారిణులుగా పేరు పొందారు. ఆడపిల్ల వీధి బడికి వెళ్లడమే గొప్ప అనుకునే రోజుల్లో ఇంటి ఆడవాళ్లకు రంగుల పెట్టె చేతికివ్వడం చిన్న విషయం కాదు. ఊరికి చెప్పేముందు ఆయన తన ఇంట్లో చేసి చూపించారు.

అమ్మవారు పోసి

1925లో ఆయనకు మశూచి సోకింది. పల్లెల్లో పెద్దమ్మవారు అనే ఈ రోగం ఆ రోజుల్లో ఇళ్లకు ఇళ్లను ఊడ్చుకుపోయేది. టీకా అప్పటికే ఉన్నా, అందరికీ అందేది కాదు, అందినా వేయించుకోవడానికి చాలామంది జంకేవారు. సోకిన తర్వాత నయం చేసే మందంటూ లేదు. వేపాకు మీద పడుకోబెట్టి మొక్కుకోవడమే. వైద్యుని ఇంట పుట్టిన బిడ్డనూ అది వదలలేదు. ఫిబ్రవరి 6న రామారావు కన్నుమూశారు. మరో నెల బతికితే 28 ఏళ్లు నిండేవి. ఆ రోగం మన దేశం నుంచి పోవడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. 1975లో ఆఖరి కేసు కనబడింది. 1980లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు.

స్నేహితుడు మోసిన బరువు

ఒక్క మనిషి పెట్టిన బడి ఆ మనిషితోనే పోవడం లోకంలో మామూలు. ఇక్కడ అలా జరగలేదు. రామారావు ప్రాణమిత్రుడు, తోటి చిత్రకారుడు వరదా వెంకటరత్నం ఆ బడిని తన నెత్తిన పెట్టుకున్నారు. స్వయంగా మంచి చిత్రకారుడై ఉండీ, సొంత పేరు కోసం ఊళ్లు పట్టుకు తిరగకుండా స్నేహితుని బడిని నడిపారు. సత్యవాణి, బంధుమిత్రులు బొమ్మలు చెల్లాచెదురు కాకుండా కాపాడారు. ఒక్కొక్కటిగా అమ్ముకుని ఉంటే ఆ కుటుంబానికి డబ్బు వచ్చేదేమో గాని, ఈనాడు రాజమండ్రిలో చూడడానికి ఏమీ మిగిలేది కాదు. వెంకటరత్నం 1963లో మరణించేదాకా ఆ పనిలోనే ఉన్నారు. తర్వాత చిత్రశాల, పాఠశాల ప్రభుత్వం చేతికి వచ్చాయి.

బొమ్మల చదువు కూడు పెట్టదన్న మాటకు కాలమే జవాబు చెప్పింది. ఈ విద్య నేర్చినవాళ్లు ఊళ్లలో డ్రాయింగు మాస్టర్లయ్యారు, నాటకాల తెరలు, సినిమా బోర్డులు, పత్రికల బొమ్మలు వేసి సంసారాలు ఈదారు. చీరల మీద అచ్చుకు, కొయ్య బొమ్మలకు, ఇంటి కట్టుబడికి కూడా ముందు కావలసింది గీతే. కంప్యూటరు వచ్చాక పని తీరు మారినా గీత తెలిసిన చేతికి విలువ తగ్గలేదు.

ఈసారి పని మీద రాజమండ్రి వచ్చినప్పుడు బస్సుకు గంట వ్యవధి ఉంటే పిల్లలను వెంటబెట్టుకుని ఆ చిత్రశాలలోకి అడుగు పెట్టడం మంచిది. పలక మీద లెక్కలకు బదులు ఎద్దు బొమ్మ గీసి తిట్లు తినే పిల్లవాడు ఏ ఊళ్లోనైనా ఒకడు ఉంటాడు. అలాంటి వాడు నందిపూజ ముందు నిలబడి చూడాలి. రామారావును కూల్డ్రే చేయి పట్టుకుని అజంతా తీసుకువెళ్లారు. మన పిల్లలను తీసుకువెళ్లడానికి అంత దూరం పోనక్కరలేదు, గోదావరి గట్టు దాకా చాలు.