జాన్ మార్షల్

జాన్ మార్షల్ (సెప్టెంబరు 24, 1755 - జూలై 6, 1835) అమెరికా సంయుక్త రాష్ట్రాల సుప్రీం కోర్టు నాలుగవ ప్రధాన న్యాయమూర్తి. 1801 నుండి మరణించేవరకు, 34 సంవత్సరాలు, ఆ పదవిలో కొనసాగాడు. బ్యాంకు వ్యాజ్యాలలో ఇతడు ఇచ్చిన తీర్పులు ఫెడరల్ కోర్టుల విచారణాధికారానికి పునాది వేశాయి.

తొలి జీవితం

మార్షల్ వర్జీనియాలోని జర్మన్‌టౌన్‌లో, పదిహేనుమంది సంతానంలో జ్యేష్ఠుడుగా జన్మించాడు. స్వాతంత్ర్య యుద్ధంలో సైనికాధికారిగా పనిచేసి, 1777-78 శీతాకాలంలో వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో ఉన్నాడు. 1780లో విలియం అండ్ మేరీ కళాశాలలో జార్జ్ వైత్ వద్ద న్యాయశాస్త్రం అభ్యసించాడు. 1783లో మేరీ ఆంబ్లర్‌ను వివాహమాడాడు. 1788లో వర్జీనియా సభలో నూతన రాజ్యాంగాన్ని ఆమోదించవలెనని వాదించాడు. 1800లో విదేశాంగ మంత్రి అయ్యాడు. మరుసటి సంవత్సరం అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఇతడిని ప్రధాన న్యాయమూర్తిగా నియమించాడు.

బ్యాంకు వ్యాజ్యాలు

జార్జియా రాష్ట్రం పన్ను పేరిట మొదటి బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ సొమ్మును బలవంతంగా తీసుకోగా, బ్యాంకు ఫెడరల్ కోర్టును ఆశ్రయించింది. 1791 నాటి చార్టరులో దావా వేసే సాధారణ హక్కు మాత్రమే ఉన్నదనీ, దానివలన ఫెడరల్ కోర్టుకు విచారణాధికారం రాదనీ మార్షల్ 1809లో తీర్పు చెప్పాడు. వాటాదారులు వేరే రాష్ట్రాల పౌరులైతేనే, ఆ కారణంగా, అక్కడ దావా వేయవచ్చునని నిర్ణయించాడు.

1816లో ఏర్పడిన రెండవ బ్యాంకు చార్టరులో ఫెడరల్ సర్క్యూట్ కోర్టులను స్పష్టంగా పేర్కొన్నారు. ఈ బ్యాంకుపై రాష్ట్రాలు పన్ను వేయరాదని 1819 మార్చిలో మెకల్లక్ వ్యాజ్యంలో మార్షల్ తీర్పు ఇచ్చాడు. అప్పటికే ఒహాయో రాష్ట్రం ఒక్కొక్క శాఖపై ఏటా 50,000 డాలర్ల పన్ను విధించి ఉంది. అదే సంవత్సరం సెప్టెంబరులో రాష్ట్ర అధికారులు చిల్లికోతీ శాఖలో ప్రవేశించి సొమ్ము పట్టుకుపోయారు. రాష్ట్ర ఆడిటర్ రాల్ఫ్ ఆస్బర్న్ తదితరులపై బ్యాంకు దావా వేసింది.

1824లో మార్షల్ బ్యాంకు పక్షాన తీర్పు చెప్పాడు. బ్యాంకు ఉనికి, దాని ప్రతి హక్కు ఫెడరల్ చట్టం వలన కలిగినవే కనుక, దాని వ్యాజ్యాలన్నీ ఫెడరల్ చట్టం క్రిందికే వస్తాయని వివరించాడు. దావాలో రాష్ట్రం పేరు లేనపుడు, రాష్ట్రానికున్న రక్షణ అధికారులకు వర్తించదన్నాడు. న్యాయమూర్తి విలియం జాన్సన్ దీనితో విభేదించాడు. ఇంత విస్తృతమైన అధికారం వలన మామూలు అప్పుల తగాదాలు కూడా రాష్ట్ర కోర్టుల నుండి తరలిపోగలవని ఆయన అభ్యంతరం.

మరణం, ప్రభావం

మార్షల్ 1835లో ఫిలడెల్ఫియాలో మరణించాడు. రెండవ బ్యాంకు ఫెడరల్ చార్టరు 1836లో ముగిసిపోయింది. తీర్పు మాత్రం నిలిచింది. 1992లో అమెరికన్ రెడ్‌క్రాస్ వ్యాజ్యాన్ని ఫెడరల్ కోర్టు విచారించవచ్చునని సుప్రీం కోర్టు ఈ తీర్పు ఆధారంగానే నిర్ణయించింది.