నిశ్చల జలంలో చలనాన్ని దర్శించిన మనీషి

విద్యాలయాల జూబిలీ సంచికలలో మహనీయుల జీవితాలను స్మరించుకోవడం ఒక సత్సంప్రదాయం. బ్రూక్‌ఫీల్డ్ పరిసరాలలోని తెలుగు కుటుంబాలకు సర్ చంద్రశేఖర వెంకట రామన్ రెండు విధాల ఆత్మీయులు. ఆయన బాల్యవిద్య విశాఖపట్నంలో సాగింది. 1933 నుండి 1970 వరకు జీవితం బెంగుళూరులో గడిచింది. రామన్ ఫలితం పేరు వినని విద్యార్థి ఉండడు. అయితే ద్రవాల ఉపరితలాన్ని గురించి, పలుచని పొరలను గురించి ఆయన చేసిన కృషికి అంతటి ప్రచారం లభించలేదు.

రామన్ 1888 నవంబరు 7న తిరుచిరాపల్లి ప్రాంతంలో జన్మించారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ విశాఖలోని ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులుగా చేరడంతో కుటుంబం సముద్రతీరానికి తరలివచ్చింది. బాలుడు పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ పూర్తిచేశాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజులలోనే, 1906లో, తొలి పరిశోధనా వ్యాసం వెలువడింది. మరుసటి ఏడు వెలువడిన వ్యాసానికి విషయం ద్రవాల తలతన్యత. ద్రవపు ఉపరితలం వంపును బట్టి దానిని కొలిచే పద్ధతిని అందులో వివరించారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు నిండలేదు.

1907లో ఆర్థిక శాఖలో ఉన్నతోద్యోగం లభించింది. కలకత్తాలో పగలు ప్రభుత్వ లెక్కలు, ఉదయ సాయంకాలాలు బౌబజారు విజ్ఞాన సంఘంలో ప్రయోగాలు. ఈ ద్వంద్వ జీవితం పదేళ్లు సాగింది. 1917లో విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవిని స్వీకరించినప్పుడు ఆయన జీతం దాదాపు సగానికి తగ్గింది. సంసారం గల మనిషి, హోదా గల అధికారి, భద్రమైన భవిష్యత్తును విడిచి ప్రయోగశాలను ఎంచుకోవడం ఆనాటి సమాజంలో సామాన్యమైన సాహసం కాదు.

1921లో నౌకాయానం చేస్తూ మధ్యధరా సముద్రపు నీలిమను చూసిన పిమ్మట ఆయన దృష్టి కాంతి పరిక్షేపణం వైపు మళ్లింది. నీటి అణువులు కాంతిని చెదరగొట్టడమే ఆ నీలిమకు కారణమని నిరూపించారు. మరి నీటి ఉపరితలం మాటేమిటి? గాలి కదలని గదిలో పాత్రలోని నీరు అద్దంవలె కనిపిస్తుంది. వాస్తవానికి అణువుల ఉష్ణచలనం వలన ఆ ఉపరితలం నిరంతరం స్పందిస్తూనే ఉంటుంది. ఆ తరంగాల ఎత్తు మీటరులో వందకోట్లవ వంతుకన్న తక్కువ. కంటికి ఆ అలలు కనిపించవు గాని, అవి చెదరగొట్టిన మసక వెలుగు కనిపిస్తుంది. ధూళి, జిడ్డు లేని ద్రవాలపై రామన్, ఆయన శిష్యులు ఎల్.ఎ. రామదాస్ ఈ వెలుగును పరిశీలించారు. తలతన్యత తక్కువైన కొద్దీ ఉపరితలం ఎక్కువగా చలిస్తుంది, వెలుగూ హెచ్చుతుంది.

వేడిచేసిన ఉక్కు మీద పొరకట్టి మెరిసే రంగులను గురించి కూడా ఆయన 1922లో వ్రాశారు. ఇటువంటి పొరల అధ్యయనం తరువాతి తరాలలో ఎంతో విస్తరించింది. శూన్యంలో వెండి ఆవిరిని నూనె మీద వాలనిస్తే, పరమాణువులు పడినచోట అతుక్కుపోవు. ద్రవం మీద సంచరిస్తూ గుంపులు కడతాయి. గుంపులు కొమ్మలు తొడిగి, ఒకదానితో ఒకటి కలిసి లోహపు పొరగా మారుతాయి. పొరలో ఒత్తిడి పెరిగితే అది ముడతలు పడుతుంది. క్రింద మెత్తనిది, పైన పలుచని బిగువైన పొర ఉన్నచోట ఇదే ధర్మం. కాగి చల్లారిన పాలమీద మీగడ ముడుచుకోవడం ప్రతి ఇంటా చూసేదే. పొర ఎంత మందంగా, బిగువుగా ఉంటే ముడతల మధ్య దూరం అంత ఎక్కువ. 1998లో హార్వర్డు శాస్త్రజ్ఞులు రబ్బరువంటి మెత్తని పదార్థంపై బంగారు పొరను పరచి, క్రమబద్ధమైన ముడతలను సృష్టించి చూపారు.

1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితం, 1930లో నోబెల్ బహుమతి ఆయనకు విశ్వఖ్యాతిని తెచ్చాయి. 1933లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా వచ్చారు. అక్కడ విభేదాలు తలెత్తి 1937లో ఆ పదవిని విడిచిపెట్టవలసి వచ్చింది. అయినా ఆచార్యులుగా 1948 వరకు పనిచేశారు. శిష్యుడు సూరి భగవంతం కాలక్రమంలో అదే సంస్థకు డైరెక్టరు కావడం తెలుగువారికి గర్వకారణం.

పదవీ విరమణానంతరం, అరవై ఏళ్ల వయసులో, మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో రామన్ తన పరిశోధనా సంస్థను నెలకొల్పారు. తొలిరోజులలో అక్కడ విద్యుత్తు లేదు. సూర్యకిరణాలనే అద్దాలతో లోనికి మళ్లించి ప్రయోగాలు చేశారు. వసతులు సమకూరే వరకు ఆగి ఉంటే ఆ వయసులో ఎన్నో విలువైన సంవత్సరాలు జారిపోయేవి.

1954లో భారతరత్న వరించింది. 1970 నవంబరు 21న ఆయన కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం ఆ సంస్థ ఆవరణలోనే అంత్యక్రియలు జరిగాయి. అక్కడ స్మారక మందిరానికి బదులు ఒక చెట్టు నాటారు.

తలతన్యతపై వ్యాసం వ్రాసిన విద్యార్థికీ, ఎండ వెలుగులో ప్రయోగం చేసిన వృద్ధునికీ పెట్టుబడి ఒక్కటే: అందరూ చూసి ఊరుకున్నదానిని ఆగి పరిశీలించడం. పాలమీది ముడతలు ఎందుకు పడ్డాయని మన బిడ్డ అడిగిన నాడు, ఇంట తల్లిదండ్రులూ బడిలో ఉపాధ్యాయులూ ఆ ప్రశ్నను విసుక్కొనక ఆదరించడమే ఆ మహనీయునికి మనం సమర్పించదగిన నివాళి.