ప్రేమకు కారణం వెదికిన ఇమాం ఇబ్నె హజ్మ్

ఖురాన్, హదీసుల అక్షరార్థాన్ని దాటి ఒక్క అడుగు వేయని గట్టి ధర్మవేత్త ఇమాం ఇబ్నె హజ్మ్. అరబ్బీలో ప్రేమ గురించి పేరుపొందిన పుస్తకం రాసిందీ ఆయనే.

హిజ్రీ 384లో, అంటే క్రీ.శ. 994లో, స్పెయిన్ దేశపు కుర్తుబా నగరంలో వజీరుగారి ఇంట పుట్టారు. ఖురాన్, కవిత్వం, చేతిరాత మొదట నేర్పింది ఆ ఇంటి స్త్రీలే. ఇరవై ఏళ్లు నిండకముందే, తాను ప్రాణంగా ప్రేమించిన నుఅమ్ అనే బానిస యువతి చనిపోయింది. ఏడు నెలలు ఒంటిమీది బట్టలు మార్చలేదు. 1009లో మొదలైన అంతర్యుద్ధంలో సిరిసంపదలు పోయి, 1013లో ఊరు విడిచారు.

షాతిబాలో ఉండగా, మిత్రుడొకరు కోరితే 'తౌఖుల్ హమామా' (పావురపు కంఠహారం) రాశారు. మొత్తం 30 అధ్యాయాలు.

ప్రేమకు కారణం అందమే అయితే అందం తక్కువైనవారిని ఎవరూ ప్రేమించరు. గుణాలు కలవడమే అయితే తనకు సరిపడని మనిషి కోసం ఎవరూ తపించరు. లోకంలో రెండూ జరుగుతున్నాయి గదా! అందుకని కారణం ఆత్మలోనే ఉందన్నారు. ఈ లోకంలో విడిపోయిన ఆత్మభాగాలు మళ్లీ కలుసుకోవడమే ప్రేమ. లాభం కోసం పుట్టిన ప్రేమ లాభంతోనే పోతుంది; ఇది చావుతోగాని పోదు. మనసులు అల్లాహ్ చేతిలో ఉన్నాయి గనుక ప్రేమ కలగడం తప్పు కాదు, నడత మాత్రం మన బాధ్యత అన్నారు. చివరి రెండు అధ్యాయాలు పాపపు కీడు, శీలపు గొప్పతనం గురించే.

తరువాత ఇష్బీలియా పాలకుడు ఆయన గ్రంథాలను తగలబెట్టించాడు. 1064లో పూర్వీకుల పల్లెలో కన్నుమూశారు. ప్రేమ పుస్తకం ఒకే ఒక్క రాతప్రతిగా హాలండులోని లైడెన్‌లో మిగిలి, 1914లో అచ్చయింది. గట్టి ధర్మనిష్ఠా, మెత్తని మనసూ ఒకే గుండెలో ఇముడుతాయనేదానికి ఆయన జీవితమే సాక్ష్యం.