పగలు గుమస్తా... రాత్రి రాకుమారి!

జాతరలో ఎవరికైనా పూనకం వస్తే చుట్టూ ఉన్న జనం రెండుగా చీలిపోతారు. అమ్మవారే దిగివచ్చిందని దణ్ణాలు పెట్టేవాళ్లు కొందరైతే, అంతా నటన అని పెదవి విరిచేవాళ్లు కొందరు. ఈ రెండింటికీ మధ్య మూడో దారి ఒకటుందని నాకు తెలిసొచ్చింది ఓ స్విట్జర్లాండ్ ఆవిడ జీవితం చదివాకే. ఆవిడ అసలు పేరు కేథరిన్ ఎలీజ్ మ్యూలర్. లోకం ఆవిణ్ణి ఎరిగింది మాత్రం హెలెన్ స్మిత్‌గా. ఆ పేరైనా ఆవిడ పెట్టుకున్నది కాదు. ఆవిడ మీద పుస్తకం రాసిన ప్రొఫెసరుగారు పెట్టారు!

1861 డిసెంబర్ 9న మార్తిన్యీ అనే ఊళ్లో పుట్టింది. పెరిగింది జెనీవాలో. తండ్రి హంగరీ నుంచి వచ్చిన వ్యాపారి, నాలుగైదు భాషలు ధారాళంగా మాట్లాడేవాడు. కూతురికి మాత్రం పరాయి భాషలంటే గిట్టేది కాదు. (ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పని పడుతుంది.) చిన్నప్పట్నుంచీ పగటికలలు జాస్తి. ఒకసారైతే తల్లిదండ్రుల్నే అడిగిందట, నేను నిజంగా మీ కూతుర్నేనా అని. ఈ ఇల్లు, ఈ వీధి తనవి కావని, తను ఎక్కడో పుట్టాల్సినదాన్నని ఆ పిల్లకి ఎందుకో గట్టి నమ్మకం. పదేళ్లప్పుడు ఓ పెద్ద కుక్క మీదపడబోతే, గోధుమరంగు అంగీ తొడుక్కుని గుండె మీద తెల్లని శిలువ ఉన్న ఒకాయన ప్రత్యక్షమై, కుక్కని తరిమేసి మాయమయ్యాడని చెప్పింది. ఆయన్ని ఇంకెవరూ చూడలేదు.

పదిహేనో ఏట ఒక పెద్ద వ్యాపార సంస్థలో పనికి కుదిరింది. నమ్మకస్తురాలు, చురుకైనది. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ మంచి స్థానానికే ఎదిగింది. పెళ్లి చేసుకోలేదు. పొద్దున్నే పనికి వెళ్లడం, సాయంత్రం అమ్మ దగ్గరికి రావడం. అంతే.

1892లో స్నేహితుల ద్వారా ఆత్మలతో మాట్లాడే కూటాలకి వెళ్లడం మొదలుపెట్టింది. అందరూ ఓ బల్ల చుట్టూ చేరి చేతులు ఆనించి కూర్చుంటారు. బల్ల కాలు కొట్టే దెబ్బల్ని లెక్కపెట్టి, అక్షరాలు కూర్చుకుంటారు. మన కాలేజీ హాస్టళ్లలో గ్లాసు బోర్లించి ఆడే ప్లాంచెట్ లాంటిదే. మిగతావాళ్లకి అది కాలక్షేపం. హెలెన్‌కి మాత్రం కళ్లు మూతలుపడి, గొంతు మారిపోయి, దృశ్యాలు కనబడేవి. ఆవిడని నడిపించే ఆత్మ పేరు లియోపోల్డ్. చిన్నప్పుడు కుక్క నుంచి కాపాడింది నేనే అన్నాడు. పూర్వజన్మలో పేరుమోసిన మాంత్రికుడు కాలియోస్ట్రోనన్నాడు. హెలెన్ ఎవరట? ఫ్రాన్స్ రాణి మరీ ఆంత్వానెత్! ఒక్కమాట మాత్రం చెప్పాలి. ఈ కూటాలకి ఆవిడ ఏనాడూ డబ్బు పుచ్చుకోలేదు.

1894 డిసెంబర్‌లో జెనీవా యూనివర్సిటీ సైకాలజీ ప్రొఫెసర్ తెయొడోర్ ఫ్లూర్నువా ఆ కూటానికి వచ్చాడు. తను పుట్టకముందు తన ఇంట్లో జరిగిన సంగతులు హెలెన్ చెబుతుంటే నిర్ఘాంతపోయాడు. అయితే ఆయన దణ్ణం పెట్టలేదు, నవ్వేసి వెళ్లిపోనూ లేదు. ఇంటికెళ్లి ఆరా తీశాడు. తన తల్లిదండ్రులకీ హెలెన్ కుటుంబానికీ ఒకప్పుడు పరిచయం ఉండేదని తేలింది. ఇంట్లో ఎప్పుడో ఎవరో అనుకున్న మాట ఆ పిల్ల చెవిన పడి ఉంటుంది. ఆవిడకి అది గుర్తే లేదు. అబద్ధమాడటం లేదు, నిజంగానే గుర్తు లేదు!

అక్కడ్నుంచి అయిదేళ్లపాటు ఆయన వదలకుండా వెంటబడ్డాడు. ఈ అయిదేళ్లలో హెలెన్ రెండు లోకాలు తిరిగొచ్చింది.

ఒకటి మన దేశం. తను అరబ్బు షేకు కూతురు సిమందినినని, కన్నడ దేశంలో శివ్రుక నాయకుడనే రాజుకి పదకొండో భార్యనని, రాజు పోతే ఆయన చితిమీదే కాలిపోయానని చెప్పింది. నేలమీద కూర్చుని, అగరుధూపం వేస్తున్నట్టు అభినయిస్తూ, సంస్కృతంలా వినిపించే మాటలతో పాడేది. ఆ రాజే ఈ జన్మలో ఎవరో తెలుసా? ఎదురుగా నోట్‌బుక్కు పట్టుకు కూర్చున్న ఫ్లూర్నువా! పెళ్లాం పిల్లలున్న పెద్దమనిషి పాపం ఎంత ఇబ్బంది పడ్డాడో. చితి సంగతికొస్తే నాకో మాట తోస్తుంది. ఆ రోజుల్లో యూరప్ వాళ్లు మన గురించి రాసుకున్న పుస్తకాల్లో హిందూ రాణి అనగానే సతీసహగమనం సిద్ధంగా ఉండేది. మరో ముగింపు ఆవిడకి తట్టే వీలేదీ?

రాజు చంద్రగిరి అనే కోట 1401లో కట్టించాడని కూడా చెప్పింది. చంద్రగిరి అంటే మనకి తిరుపతి దగ్గరిదే గుర్తొస్తుంది గానీ, ఇది పడమటి కోస్తాది. కాసరగోడు దగ్గర ఆ పేరుతో కోట ఉన్నమాట నిజమే. దాన్ని కట్టించింది 17వ శతాబ్దపు కెళది రాజు శివప్ప నాయకుడంటారు. మరి 1401 ఎక్కడిది? ఫ్లూర్నువా చరిత్రకారుల్ని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. చివరికి దె మార్లెస్ అనే ఫ్రెంచాయన 1828లో ఆరు సంపుటాలుగా రాసిన పాత భారతదేశ చరిత్రలో, ఆ రాజూ ఆ కోటా ఆ సంవత్సరమూ యథాతథంగా దొరికాయి. జెనీవా గ్రంథాలయాల్లో ఆ పుస్తకం దుమ్ము కొట్టుకుని ఉంది. పూనకంలో ఆవిడ రాసిన ఓ అరబ్బీ వాక్యం కూడా అలాంటిదే. వాళ్ల ఫ్యామిలీ డాక్టరు, తన పుస్తకం ఎవరికి ఇచ్చినా దానిమీద రాసే సామెత అది.

సంస్కృతం సంగతి తేల్చడానికి భాషాశాస్త్రవేత్త సొస్యూర్ స్వయంగా 1897లో కూటానికొచ్చాడు. కొన్ని మాటలు నిజంగానే సంస్కృతం ముక్కలు, మిగతాది కల్పన అన్నాడు. కాకపోతే ఒక విచిత్రం. ఫ్రెంచిలో అడుగడుగునా వచ్చే ఎఫ్ శబ్దం ఆవిడ సంస్కృతంలో ఒక్కసారీ రాలేదు. సంస్కృతంలో అది లేదు కదా! ఫ్రెంచి అన్న మాటే ఎఫ్‌తో మొదలవుతుంది కాబట్టి, లోపలి మనసు దాన్ని దూరంగా పెట్టిందని విక్టర్ ఆన్రీ అనే పండితుడు ఊహించాడు.

రెండోది కుజగ్రహం. అప్పట్లో మార్స్ మీద కాలవలున్నాయన్న ప్రచారం జోరుగా ఉండేది. కూటానికి ఓ తల్లి వచ్చేది, పదిహేడేళ్ల కొడుకుని పోగొట్టుకుంది. ఆ అబ్బాయి మార్స్ మీద పుట్టాడని హెలెన్ చెప్పింది. 1896లో ఒకరోజు వాడు హెలెన్ గొంతుతో మాట్లాడాడు... ఎవరికీ తెలియని భాషలో. ఫ్రెంచి మరిచిపోయాడట! ఎదురుగా కూర్చుని ఆ తల్లి ఫ్రెంచిలో ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే వాడికి అర్థం కాలేదు. పుస్తకంలో ఈ ఘట్టం దాటడానికి నాకు చాలాసేపు పట్టింది. భాష వింతగా ఉందని చుట్టూ ఉన్న పెద్దలకి సంబరం. ఆవిడకి కావలసింది అమ్మా అన్న పిలుపు ఒక్కటే.

ఆ భాష గుట్టు కూడా ఫ్లూర్నువా విప్పాడు. మన పిల్లలు క-భాష మాట్లాడుకుంటారే, దాదాపు అలాంటిదే. ప్రతి ఫ్రెంచి మాటకీ బదులు ఓ కొత్త మాట, వాక్యం అల్లిక మాత్రం అచ్చంగా ఫ్రెంచిదే. ఆ సంగతి 1898లో ఆవిడతో అంటే మొదట కోపమొచ్చింది. కొద్దిరోజుల్లోనే మార్స్‌ని దాటి ఇంకో గ్రహమూ, ఇంకా వింత భాషా పుట్టుకొచ్చాయి! మూడేళ్లు జర్మన్ చెప్పించినా ఒంటబట్టని మనిషి, నిద్రలో భాషలకు భాషలే అల్లేసింది చూడండి.

భారతదేశం నుంచి మార్స్ దాకా అంటూ ఫ్లూర్నువా రాసిన పుస్తకం 1900 సంవత్సరం అచ్చుతో వచ్చింది. కొన్ని నెలల్లోనే మళ్లీ మళ్లీ అచ్చయింది. అదే చలికాలంలో వచ్చిన ఫ్రాయిడ్ కలల పుస్తకం 600 కాపీలు అమ్ముడుపోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఫ్లూర్నువా తేల్చింది ఇదీ: ఆత్మలూ లేవు, మోసమూ లేదు. విన్నవీ చదివినవీ మనం మరిచిపోయినా మనసు మరిచిపోదు. వాటికి వేషాలు కట్టి, మనకే కొత్తవాటిలా చూపిస్తుంది. దీనికి క్రిప్టోమ్నీషియా అని పేరు పెట్టాడు. లియోపోల్డ్ కూడా ఆమెలోని భాగమే, ఆమెని కాపాడుకునే భాగం. యువకుడైన కార్ల్ యుంగ్‌కి ఇది దారి చూపింది.

ఇంత గొప్ప పుస్తకం వల్ల హెలెన్‌కి ఏం దక్కింది? నవ్వులపాలయ్యానని బాధపడింది. ప్రొఫెసరుతో మాటలు తెగిపోయాయి. పుస్తకం మీద వచ్చిన డబ్బు దగ్గరా తగువొచ్చింది. ఆ కథలన్నీ ఆవిడవే కదా, రాసింది ఆయనైనా! ఫ్లూర్నువా నిజాయితీని నేను శంకించను. ఆవిణ్ణి మోసగత్తె అని ఒక్కనాడూ అనలేదు. అయినా తను రాణినని నమ్మే మనిషికి, నువ్వు బాగా కలలు కనే గుమస్తావి అని ఊరంతా వినేలా చెబితే ఎలా ఉంటుంది?

ఓ డబ్బున్న అమెరికన్ ఆవిడ ఆదుకోవడంతో 1900లో ఉద్యోగం మానేసింది. ఆ తర్వాత పండితుల్ని దగ్గరికి రానివ్వకుండా ఒంటరిగా బొమ్మలు వేసింది. పెద్దపెద్ద చెక్కల మీద క్రీస్తు, మేరీమాత. తరచూ పూనకంలోనే, కుంచె పక్కనబెట్టి వేళ్లతో వేసేది. 1929 జూన్ 10న జెనీవాలోనే కన్నుమూసింది.

కథ అక్కడితో అయిపోలేదు. 1941 ప్రాంతంలో హిట్లర్ బారి నుంచి పారిపోవడానికి మార్సేలో ఓడల కోసం ఎదురుచూస్తున్న సర్రియలిస్టు చిత్రకారులు, పొద్దుపోక కొత్త పేకముక్కలు తయారుచేసుకున్నారు. రాజుల్నీ రాణుల్నీ తీసేసి, తమకి నచ్చినవాళ్ల బొమ్మలు వేశారు. జ్ఞానానికి గుర్తుగా పెట్టుకున్న రంగులో, రాణి ఉండాల్సిన ముక్క మీద ఉన్నది హెలెన్ స్మిత్!