కంచెర్ల గోపన్న

ఖమ్మము పట్టణమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా ఈశాన్యదిశకు సాగు బాట సుమారు 120 కిలోమీటర్లు నడచిన పిదప గోదావరి యొడ్డు చేరును. నదికి ఆవలి గట్టున భద్రగిరి యను చిన్న గుట్టయు, దానిపై శ్రీరామచంద్రుని ఆలయమును కానవచ్చును. ఆ ప్రాంతమున టేకు, ఇప్ప, తునికి, తాడి చెట్లు గల అడవులును, ఆ అడవులలో కోయల పల్లెలును కలవు. వంతెన లేని దినములలో యాత్రికులు పడవలపై నది దాటి స్వామిని సేవించుచుండిరి. 17వ శతాబ్దిలో ఈ సీమ గోలకొండ రాజ్యమునకు అడవి యంచు. అచటికి రాజునకు చెందవలసిన పన్ను వసూలు చేయుటకు వచ్చిన ఒక ఉద్యోగి, ఆ పన్ను సొమ్ముతో ఆలయము కట్టించెను. అందుకై చెరసాల పాలయ్యెను. చెరసాలలో కూర్చుండి పాటలు కట్టెను. అతడే కంచెర్ల గోపన్న. లోకము అతనిని భద్రాచల రామదాసని పిలుచును.

గోపన్న జన్మస్థానము ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి. పురాతన బౌద్ధస్తూపము గల ప్రాచీన గ్రామమది. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. వారిది నియోగి బ్రాహ్మణ కుటుంబము. వ్రాత, లెక్క, కరణీకము అట్టి యిండ్లలో పిల్లలకు ఉగ్గుపాలతో అబ్బుచుండెను. గోపన్నకు తెలుగును, సంస్కృతమును చక్కగా వచ్చును. రఘునాథ భట్టాచార్యులను గురువు అతనికి వైష్ణవదీక్ష యొసగెనని సంప్రదాయము. కబీరుదాసు వచ్చి చెవిలో రామమంత్రము ఉపదేశించెనని మరియొక కథ కలదు. కాని కాశీలోని కబీరు 15వ శతాబ్దివాడు. గోపన్న రెండు వందల యేండ్లకు పిమ్మటివాడు. ఆ యుపదేశము నిజమేయైనచో ఇచ్చినవాడు ఆ పేరు గల వేరొక ఫకీరు కావలెను.

కామాంబ సోదరులే అక్కన్న, మాదన్నలని చెప్పుదురు. వారి చరిత్ర తెలిసినగాని గోపన్న చరిత్ర తెలియదు. 1672లో అబుల్ హసన్ కుతుబ్‌షా గోలకొండ సింహాసనమెక్కెను. జనులు అతనిని తానీషా యనిరి. చిన్న ఉద్యోగములనుండి పైకి వచ్చిన మాదన్న రెండేండ్లలో ఆ రాజ్యమునకు ప్రధానమంత్రి యయ్యెను. అన్నగారైన అక్కన్నయు గొప్ప పదవి నందెను. మేనమామల ప్రాపున గోపన్నకు పాల్వంచ పరగణా తహశీల్దారు పని దొరకెను. పల్లెపల్లెకు పోయి శిస్తు నిర్ణయించుట, కరణములు చెప్పిన లెక్కలు సరిచూచుట, వసూలైన ద్రవ్యమును భద్రముగా గోలకొండకు పంపుట అతని విధులు. అడవి సీమలో ఇది సుఖమైన కొలువు కాదు. పంటలు కొలది, బాటలు దుర్గమములు, వానకాలమున గోదావరి పొంగినచో ఆవలి యొడ్డునకు రాకపోకలు నిలిచిపోవును.

భద్రగిరిపై స్వామి వెలసిన వృత్తాంతమును ఆ సీమ ప్రజలు ఇట్లు చెప్పుదురు. భద్రిరెడ్డిపాలెములో పోకల దమ్మక్క యను రామభక్తురాలుండెను. ఆమె కోయ స్త్రీ. కలలో స్వామి చెప్పిన గురుతునుబట్టి పోయి పుట్టలోనున్న విగ్రహములను కనుగొని, గోదావరి జలముతో పుట్టమన్ను కరగించి, పైన తాటాకుల పందిరి వేసి, అడవిలో దొరకిన తాటిపండ్లు నైవేద్యము పెట్టి కొలిచెను. ఆ మూర్తి తక్కిన రామాలయములలోనివంటిది కాదు. రామునకు నాలుగు చేతులు కలవు. సీతమ్మ ఆయన ఎడమ తొడపై కూర్చుండియుండును. లక్ష్మణుడు ప్రక్కన నిలిచియుండును. తహశీల్దారు వచ్చి చూచునప్పటికి ఆ దేవునకు ఆకుల కప్పు తప్ప వేరొక నీడ లేకుండెను. దమ్మక్క పేరు నేటికిని భద్రాచలమున భక్తితో తలచుకొందురు. గోపన్న కథ చెప్పువారు ఆమెను ఒక్క వాక్యములో దాటిపోవుట న్యాయము కాదు. గుడి కట్టినవాడు గోపన్న యైనను, దేవుని ముందు కనుగొని కొలిచినది ఆమె.

గోపన్న ఆలయము కట్టింప సంకల్పించెను. తొలుత గ్రామస్థులవద్ద చందాలు పోగుచేసెననియు, పంటలు చేతికి వచ్చినపుడు ఇచ్చెదమని వారు మాట యిచ్చిరనియు చెప్పుదురు. కాని శిల్పులు పంటకాలము వరకు కూలి లేక నిలువరు. రాయి, సున్నము, కలప కొండమీదికి చేర్చవలెను. శిల్పులను దూరదేశములనుండి రప్పించి వారిని పోషింపవలెను. చేతికింద సర్కారు సొమ్మున్నది. గోపన్న దానిని ముట్టెను. గర్భగుడి లేచెను, ప్రాకారము లేచెను, మండపములు లేచెను. అంతటితో అతని మనసు తనియలేదు. సీతమ్మకు చింతాకు పతకము, రామునకు కలికితురాయి, లక్ష్మణునకు ముత్యాల పతకము, భరతునకు పచ్చల పతకము చేయించెను. ఆలయశిఖరముపై నిలుపవలసిన సుదర్శనచక్రము గోదావరిలో మునుగగా అతని చేతికే దొరకెనని ఐతిహ్యము.

ఖర్చైన ధనము ఆరు లక్షల వరహాలని ప్రతీతి. ఇచట విద్యార్థులు ఒక లెక్క వేసి చూడవచ్చును. 1636లో మొగలు చక్రవర్తి షాజహానుతో చేసికొన్న సంధిచేత గోలకొండ రాజ్యము ఏటేట రెండు లక్షల వరహాలు కప్పము కట్టుటకు ఒప్పుకొనియుండెను. ప్రతీతి నిజమైనచో గోపన్న గుడికి వెచ్చించినది ఆ కప్పమునకు మూడేండ్ల మొత్తము. ఉత్తరమున ఔరంగజేబు గోలకొండపై కన్ను వేసియుండగా, కోశము నింపుటకు మాదన్న అహోరాత్రములు శ్రమించుచుండగా, మేనల్లుని పరగణానుండి రావలసిన సొమ్ము రాకపోయెను. రాజు ధర్మమార్గమున చూచినను ఇది నేరమే. దేవునికొరకే యైనను, రాజు సొమ్మును రాజానుమతి లేక ఖర్చు పెట్టుటకు ఉద్యోగికి అధికారము లేదు. మాదన్న తన వానిని విడిపించినచో తక్కిన తహశీల్దార్లకు ఏమి సమాధానము చెప్పగలడు? మేనమామలు ఊరకుండుటకు కారణమిదియే యని తోచును.

గోపన్నను పట్టి తెచ్చి గోలకొండ కోటలో బంధించిరి. నేటికిని ఆ కోట చూడబోయిన వారికి రామదాసు బందిఖానా యని ఒక చీకటి రాతిగదిని చూపుదురు. పైకప్పులోని రంధ్రముగుండ కొంచెము వెలుతురు పడును. గోడమీద రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు చెక్కబడియున్నారు. ఆ రూపములు ఖైదీ తన చేతితోనే చెక్కుకొన్నవని చెప్పుదురు. సొమ్ము రాబట్టుటకు భటులు అతనిని కొరడాలతో కొట్టిరనియు ప్రసిద్ధి.

ఆ చీకటిలో అతనికి మిగిలినది నోరు ఒక్కటే. దానితో అతడు రామునికి విన్నపములు చేసెను. ఆ విన్నపములే కీర్తనలు. పల్లవి, అనుపల్లవి, చరణములు గల ఈ పాటలు పండితులకొరకు కట్టినవి కావు. ఆనందభైరవి, నాదనామక్రియ, పున్నాగవరాళివంటి జనుల చెవికి అలవాటైన రాగములలో, పదిమంది కలిసి తాళము వేయుచు పాడదగిన నడకలో సాగును. మాట యింటిలో మాట్లాడునట్టిది. వేడుకోలు బిడ్డ తండ్రిని అడుగునట్టిది. ఒక పాటలో అతడు రాముడు పలుకడేమని దిగులు చెందును. వేరొక పాటలో సీతమ్మను ఆశ్రయించి, భర్త ప్రసన్నుడై యున్న వేళ తన మాట చెప్పుమని బ్రతిమాలును. రాజు కడకు నేరుగా పోజాలని రైతు దివాణములోని దయగల వారిని ఆశ్రయించుట అతడు తన కచ్చేరిలో ఎన్నిమారులు చూచియుండునో! అదే పద్ధతిని దేవుని దర్బారులోను అవలంబించెను.

అన్నిటిలోను విచిత్రమైనది లెక్కలు చెప్పిన పాట. దెబ్బల బాధ ఓర్వలేక గోపన్న రామునిపైననే కోపించెను. ఫలానా ప్రాకారమునకు ఇంత, ఫలానా పతకమునకు ఇంత యని ఒక్కొక్క సొమ్మును పేర్కొని, ఇవన్నియు నీ తండ్రి యిచ్చెనా, నీ మామ పంపెనా యని నిలదీసెను. నగలు ధరించి కులుకువాడు ఒకడు, కొరడా దెబ్బలు తినువాడు వేరొకడా యని అడిగెను. తహశీల్దారు తన పైయధికారికి జమాఖర్చు చిట్టా చదివి వినిపించినట్లుండును ఆ పాట. వెంటనే, దెబ్బల బాధకు ఓర్వలేక తిట్టితినే కాని వేరు కాదు, కోపింపకుమని అదే పాటలో క్షమాపణ వేడెను. తెలుగు భక్తివాఙ్మయమున దేవుని ఇంత చనవుతో నిలదీసిన పాటలు మిక్కిలి అరుదు. కీర్తనలే కాక దాశరథీ శతకమును గూడ అతడు రచించెను. అందు పద్యములు సంస్కృత సమాసములతో గంభీరముగా సాగును. కీర్తనల రామదాసు, శతకము రామదాసు ఒక్కడేనా యని చదువరి ఆశ్చర్యపడును. పండితభాష వచ్చియు, బాధలో ఇంటిభాషనే పట్టుకొనెనని దీనివలన తెలియుచున్నది.

విడుదల వృత్తాంతము ఆంధ్రదేశమున ఎరుగనివారు లేరు. ఒకనాటి రాత్రి రామోజీ, లక్ష్మోజీ యను ఇరువురు యువకులు తానీషా పడకటింటికి వచ్చి ఆరు లక్షలు చెల్లించి రసీదు గైకొనిరి. ఆ రసీదు ఖైదీ తలగడ క్రింద దొరకెను. వచ్చినవారు రామలక్ష్మణులని తెలిసికొని తానీషా గోపన్నను విడిపించి, సొమ్మును మరల ఇవ్వబోగా అతడు గ్రహింపలేదు. రామమాడలని పిలుచు ఆ నాణెములను భద్రాచలాలయమున భక్తులు నేటికిని దర్శింతురు. చెర పండ్రెండేండ్లని జనశ్రుతి. మాదన్న ప్రధానియైనది 1674 ప్రాంతమున. అతడును అక్కన్నయు హత్యకు గురియైనది 1686లో. ఈ నడుమ కొలువు, గుడి నిర్మాణము, పండ్రెండేండ్ల చెర, విడుదల అన్నియు ఇముడుట దుర్ఘటము. చరిత్రకారులు అందుచేత చెర కాలమును తగ్గింతురు. పాడుకొను జనులు మాత్రము పండ్రెండును వదలలేదు.

విడుదలైన గోపన్న భద్రాచలమునకు మరలి వచ్చి రామసేవలో శేషజీవితము గడపెను. తానీషా భద్రాచల దేవునికి మాన్యములిచ్చెననియు, శ్రీరామనవమినాటి కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము అతని కాలముననే మొదలైనదనియు చెప్పుదురు. ఆ తలంబ్రాలు నేడు తెలంగాణ ప్రభుత్వము పట్టువస్త్రములతో కూడ సమర్పించుచున్నది. ఖైదీని విడిపించిన రాజునకు మాత్రము చెర తప్పలేదు. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టి, తానీషాను దౌలతాబాదు కోటకు పంపెను. తన శేషజీవితమును అతడు ఆ దుర్గములోనే బందీగా గడపి మరణించెను.

గోపన్న పాటలకు స్వరము వ్రాసినవారు ఆ కాలమున లేరు. భజనగోష్ఠులే వాటికి పుస్తకములు. తాళపత్రములమీద మాటలు నిలిచెను. రాగము మాత్రము నోటినుండి నోటికి, ఊరినుండి ఊరికి మారుచు వచ్చెను. అందుచేత ఒకే పాటను ఒక గోష్ఠి ఒక రాగములో, వేరొక గోష్ఠి వేరొక రాగములో పాడుట నేటికిని కలదు. 19వ శతాబ్ది మొదట గుంటూరు ప్రాంతమువాడైన తూము నరసింహదాసు భద్రాచలము చేరి, ఆలయ నిత్యోత్సవములను చక్కబరచి, తానును కీర్తనలు రచించెను. కావేరీ తీరమున త్యాగరాజస్వామి తన కీర్తనలో రామదాసు చెర వీడిన సంగతి స్మరించెను. ప్రహ్లాద భక్తివిజయమను గేయనాటకములోను అతనికి నమస్కరించెను. భద్రాచలమునకును తిరువయ్యూరునకును నడుమ గల దూరమును తలచినచో, రైళ్లు లేని దినములలో ఈ పాటలు ఎంత దేశము తిరిగినవో తెలియగలదు.

20వ శతాబ్దిలో గోపన్న కథయే గేయనాటకమయ్యెను. హార్మోనియము శ్రుతిలో పద్యములు పాడు నాటకసమాజములు రామదాసు నాటకమును ఊరూర ఆడినవి. చెరసాల రంగమునకు ప్రేక్షకులు తెల్లవారుజాము వరకు నిద్ర కాచెడివారు. 1964లో చిత్తూరు నాగయ్య రామదాసు చలనచిత్రము నిర్మించి, దర్శకత్వము వహించి, తానే రామదాసుగా నటించెను. ఆకాశవాణి భక్తిరంజని కార్యక్రమములోను, గ్రామఫోను రికార్డులలోను మంగళంపల్లి బాలమురళీకృష్ణ పాడిన రామదాసు కీర్తనలు ఇంటింట ప్రాతఃకాలమున వినవచ్చెను. అప్పటినుండి ఆ వరుసలే చాలమందికి ప్రమాణములైనవి. దీనివలన పాటలకు స్థిరత కలిగెను. పల్లెల భజనగోష్ఠులలోని పాత వరుసలు కొన్ని వెనుకబడెను గూడ.

భద్రాచలము తాలూకా చిరకాలము తూర్పు గోదావరి జిల్లాలో నుండి, 1959లో ఖమ్మము జిల్లాలో చేరెను. భద్రాచలము 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నేడున్నది. పాల్వంచయు ఆ జిల్లాలోనిదే. నేలకొండపల్లిలో గోపన్న పేర ధ్యానమందిరము కలదు. భద్రాచలమున ఏటేట వాగ్గేయకారోత్సవములు జరుగును. గాయకులు కూడి అతని కీర్తనలను గోష్ఠిగా పాడుదురు. ఆలయమున గోపన్న చేయించిన నగలు భద్రపరుపబడియున్నవి. చింతాకు పతకమును, కలికితురాయిని చూచిన యాత్రికులు, లెక్కలు చెప్పిన ఆ పాటను జ్ఞప్తికి తెచ్చుకొని, ఏ సొమ్ము ఎవరికి చేయించెనో ఒక్కొక్కటిగా పోల్చి చూచుకొందురు.