నేర్పే చేతులను వెతుక్కుంటూ వెళ్లిన కమలాదేవి

కమలాదేవి చటోపాధ్యాయ 1903లో మంగళూరులో పుట్టారు. చిన్నతనంలోనే వైధవ్యం మీదపడింది. తర్వాత సరోజినీ నాయుడి తమ్ముడు హరీంద్రనాథ్‌ను పెళ్లాడి, హైదరాబాద్ చటోపాధ్యాయుల ఇంటి కోడలయ్యారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. దేశ విభజన తర్వాత శరణార్థుల కోసం ఫరీదాబాద్‌లో పనిచేశారు.

1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డుకు సారథ్యం వహించారు. మిల్లు సరుకు పోటీతో చేతిపనులు కుదేలైన కాలమది. ఆమె ఊరూరా తిరిగారు. నేతగాళ్లు, కుమ్మరులు, అద్దకంవాళ్ల ఇళ్లకే వెళ్లి వారి పనిని, బతుకును దగ్గర నుంచి తెలుసుకున్నారు.

శ్రీకాళహస్తి కలంకారీ సంగతే చూడండి. కరక్కాయ, గేదెపాలలో గుడ్డను తడిపి ఆరబెట్టాలి. బెల్లం నీళ్లలో ఇనుప తుక్కు నానబెట్టి నల్లరంగు తీయాలి. వెదురు కలంతో గీయాలి. నీళ్లెన్ని, ఎండ ఎంత అన్నది గురువు పక్కన కూర్చుంటేనే పట్టుబడుతుంది. 1950ల నాటికి అలా నేర్పగలిగినవారు కొద్దిమందే మిగిలారు. కమలాదేవి చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. పాతతరం చిత్రకారుల విద్య కొత్త కుర్రాళ్లకు అందింది.

1966లో రామన్ మెగసెసే, 1987లో పద్మవిభూషణ్ ఆమెను వరించాయి. 1988లో కన్నుమూశారు.

నేడు శ్రీకాళహస్తి వెళ్లి ఒక పూట కలం పట్టి మురిసే యాత్రికులున్నారు. వారికి నేర్పేవాళ్లు మిగలడం వెనుక కమలాదేవి తిరిగిన దారులున్నాయి. ఆ నేర్పే ఇంట్లో పొయ్యి వెలగాలన్నదే ఆమె పట్టుదల.