వేగమే ఊపిరిగా బతికి... ఒక్క మాటకు ఒరిగిపోయిన బుగాటీ రాణి

పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? కారు ఎంత అందంగా ఉందో వాళ్లు ముందు చూడరు. బానెట్ ఎత్తి, భూతద్దం పట్టుకుని, ఇంజను మీద చెక్కిన అంకెలు చదువుతారు. గేరు పెట్టె మీది అంకె, చాసిస్ మీది అంకె పక్కపక్కన రాసుకుంటారు. ఫ్యాక్టరీ పుస్తకాల్లో ఆ అంకె ఎదురుగా ఏ పేరుందో వెతుకుతారు. మొదట ఎవరు కొన్నారు, ఎవరు నడిపారు, ఎవరికి అమ్మారు... పెళ్లి సంబంధానికి ఏడు తరాలు ఆరా తీసినట్టు ఆరా తీస్తారు.

ఇంత ఆరా తీయించుకునే కార్లలో ఫ్రాన్స్‌కు చెందిన బుగాటీ 35 రకం రేసు కార్లు ముందు వరసలో ఉంటాయి. వాటిని నడిపినవాళ్ల జాబితాలో అంతా మగవాళ్ల పేర్లే ఉంటాయనుకుంటాం. కానీ మధ్యలో ఒక ఆడపేరు తగులుతుంది. హెల్లే నీస్! ఒకప్పుడు ఫ్రాన్స్‌లో, ఆ తర్వాత బ్రెజిల్‌లో ఈ పేరు తెలియని ఇల్లు లేదన్నా అతిశయోక్తి కాదు. అంతటి మనిషి చివరికి నిరుపేదగా కన్నుమూసింది. కుటుంబ సమాధి మీద పేరైనా లేకుండా పోయింది. ఎందుకలా జరిగింది?

పోస్టాఫీసు ఇంటి పిల్ల

ఆమె అసలు పేరు మరియెట్ హెలెన్ దెలాంగ్ల్. 1900 డిసెంబరు 15న పారిస్‌కు 75 కిలోమీటర్ల దూరంలోని ఓనే-సూ-ఓనో అనే చిన్న పల్లెలో పుట్టింది. తండ్రి లియాన్ ఆ ఊరి పోస్టాఫీసు చూసేవాడు. గోధుమ చేలు, చర్చి, ఉత్తరాలు... ఊళ్లో అంతకుమించి చెప్పుకోదగ్గదేమీ లేదు. ఆ రోజుల్లో అలాంటి ఊరి ఆడపిల్లకు ముందున్న దారి ఒకటే. పెళ్లి చేసుకుని ఆ చుట్టుపక్కలే ఎక్కడో స్థిరపడడం.

హెలెన్‌కు ఆ దారి నచ్చలేదు. పదహారేళ్లకే పారిస్ చేరింది. డాన్సు నేర్చుకుంది. కొన్నాళ్లకు హెల్లే నీస్ అని పేరు మార్చుకుని స్టేజీ ఎక్కింది. 1920ల మధ్యకు వచ్చేసరికి పారిస్‌లోని పెద్ద పెద్ద థియేటర్లలో ఆమె పేరు దీపాల మధ్య వెలిగింది. రాబర్ట్ లిజే అనే నర్తకుడితో కలిసి యూరప్ నగరాల్లో ప్రదర్శనలిచ్చింది. సొంత ఇల్లు కొనుక్కుంది. షికారు పడవ కూడా కొనుక్కుంది. తండ్రి ఇచ్చిన ఆస్తి కాదు, భర్త పెట్టిన సొమ్మూ కాదు. తన కాళ్ల కష్టంతో సంపాదించుకున్నది.

అయితే ఆ కాళ్లకే దెబ్బ తగిలింది. కొండల్లో మంచు మీద స్కీయింగ్ చేస్తుంటే ప్రమాదం జరిగి మోకాలు పాడైంది. అప్పటికి ఆమెకు ఇంకా ముప్ఫై నిండలేదు. డాన్సుకు ఇక సెలవే అని తేలిపోయింది.

మోకాలు పోతే స్టీరింగ్ పట్టింది

ఇలాంటి దెబ్బ తగిలితే చాలామంది మంచానికి అతుక్కుపోతారు. ఈమె రేసు కారు ఎక్కింది! పారిస్‌కు దక్షిణాన మాంట్లెరీలో 1924లో కట్టిన కాంక్రీటు ట్రాకు ఉంది. మలుపుల దగ్గర గోడలా పైకి లేచి ఉంటుంది. వేగం తగ్గితే కారు కిందికి జారుతుంది, మరీ ఎక్కువైతే అంచు దాటి ఎగిరిపోతుంది. 1929 జూన్‌లో అక్కడ ఆడవాళ్లకు ప్రత్యేకంగా పెట్టిన పోటీలో హెల్లే నీస్ ఒమేగా సిక్స్ కారు నడిపి గెలిచింది.

ఆ గెలుపు కారు తయారీదార్ల కంట పడింది. ఎత్తోరె బుగాటీ అంటే అప్పట్లో రేసు కార్ల ప్రపంచంలో తిరుగులేని పేరు. ఆల్సేస్ ప్రాంతంలోని మోల్‌షైమ్‌లో ఆయన ఫ్యాక్టరీ. నటి, నర్తకి, పైగా మంచి డ్రైవరు. ఇంతకన్నా మంచి ప్రచారం తన కార్లకు ఎక్కడ దొరుకుతుంది? ఆయన లెక్క ఆయనది. ఆమెకు మాత్రం కావలసింది మంచి కారు. 1929 డిసెంబరులో అదే మాంట్లెరీలో బుగాటీ 35సి ఎక్కి, గంటకు 190 కిలోమీటర్లు దాటిన వేగంతో మహిళల రికార్డు నెలకొల్పింది.

ఆ కారు సంగతి కాస్త చెప్పుకోవాలి. 35 రకం మొదటిసారి 1924లో లియాన్ గ్రాండ్ ప్రీ పోటీలో కనిపించింది. ముందువైపు గుర్రపు నాడా ఆకారంలో రేడియేటరు. వరసగా 8 సిలిండర్ల ఇంజను. 35సి రకానికి 2 లీటర్ల ఇంజనుతో పాటు గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే సూపర్‌ఛార్జరు కూడా ఉండేది. చక్రాలు అల్యూమినియంతో పోతపోసినవి. బ్రేకు డ్రమ్ము కూడా చక్రంలో భాగమే. బరువు తగ్గించడానికి ముందు ఇరుసును మధ్యలో బోలుగా చేశారు. 1925 నుంచి 1929 దాకా వరసగా ఐదేళ్లు సిసిలీలోని టార్గా ఫ్లోరియో పోటీ గెలిచింది బుగాటీలే.

ఇక లోపల కూర్చునేవాళ్ల సుఖం మాట అడగకండి. సీటు బెల్టు లేదు. తల మీద గట్టి హెల్మెట్ కాదు, గుడ్డ టోపీ. గేరు రాడ్డు, చేతి బ్రేకు కారు బయటవైపు ఉండేవి. బ్రేకులు పనిచేసేది తీగలతో. ముఖం నిండా నూనె తుంపరలు, దుమ్ము. రేసు అయ్యేసరికి అరచేతులు బొబ్బలెక్కేవి. అలాంటి కారును హెల్లే నీస్ నవ్వుతూ నడిపేది. దిగగానే పౌడరు రాసుకుని, లిప్‌స్టిక్ దిద్దుకుని ఫొటోలకు నిలబడేది. ఆ నవ్వు ముఖం చూసి, ఆమెది వట్టి షోకు అనుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకు జవాబు ట్రాకు మీదే దొరికేది.

మగవాళ్లతో సమంగా

1930లో అమెరికా వెళ్లింది. అక్కడి మిల్లర్ కారుతో ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చింది. 1931లో ఫ్రాన్స్‌లోని పెద్ద గ్రాండ్ ప్రీ పోటీల్లో మగవాళ్లతో కలిసి దిగింది. వాంతూ కొండ ఎక్కే పోటీల్లో, మాంటెకార్లో ర్యాలీలో కూడా పాల్గొంది. ఎప్పుడూ మొదటి స్థానం రాకపోవచ్చు. కానీ ఆడవాళ్ల పోటీలో గెలిచి తృప్తిపడి ఆగిపోలేదు. ఆ రోజుల్లో గెలిచినా, గెలవకపోయినా పోటీలో దిగినందుకే నిర్వాహకులు డ్రైవర్లకు కొంత సొమ్ము ఇచ్చేవారు. జనాన్ని రప్పించే డ్రైవరుకు అది ఎక్కువ దక్కేది. హెల్లే నీస్ వస్తోందంటే టికెట్లు అమ్ముడయ్యేవి. ఆ సంగతి ఆమెకూ తెలుసు. దాంతోనే బతికింది.

ప్రాణభయం లేదా అంటే, ఎందుకుండదు! 1933 సెప్టెంబరు 10న ఇటలీలోని మోంజాలో జరిగిన పోటీలో ఆమె కూడా ఉంది. ఆ ఒక్క రోజే కంపారి, బోర్జాకినీ, చైకోవ్‌స్కీ అనే ముగ్గురు పేరున్న డ్రైవర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కళ్లెదుట అంత ఘోరం జరిగినా ఆమె స్టీరింగ్ వదల్లేదు.

బ్రెజిల్‌లో చావు అంచు దాకా

1936 జూలై 12. బ్రెజిల్‌లోని సావో పాలో నగర వీధుల్లో పోటీ. అప్పటికి ఆమె బుగాటీ నుంచి ఆల్ఫా రోమియోకు మారింది. ముందు వరసలో ఉన్న స్థానిక డ్రైవరు మాన్యుయెల్ ది తెఫేను అందుకోవడానికి గట్టిగా ప్రయత్నిస్తోంది. ఆ వేగంలో ఆమె కారు రోడ్డు మీది గడ్డి మోపుకు తగిలింది. గాలిలో పల్టీలు కొట్టి జనం మీద పడింది. ఆరుగురు చనిపోయారు. ముప్ఫై మందికి పైగా గాయపడ్డారు.

కారులోంచి విసిరేసినట్టు ఎగిరిపడ్డ హెల్లే నీస్ అక్కడ నిలబడి ఉన్న ఒక సైనికుడి మీద పడింది. ఆమె బతికింది. ఆమె పడ్డ దెబ్బకు ఆ సైనికుడు చనిపోయాడు. ఆమె కూడా పోయిందనే అందరూ అనుకున్నారు. మూడు రోజులు స్పృహ లేదు. రెండు నెలలు ఆస్పత్రిలో ఉంది. బయటికొచ్చేసరికి బ్రెజిల్ ప్రజలకు ఆమె ఇంటి ఆడపడుచైపోయింది. అక్కడ చాలామంది తల్లిదండ్రులు తమ ఆడపిల్లలకు హెలెనిస్ అని పేరు పెట్టుకున్నారు. తన కారు కింద ఆరు ప్రాణాలు పోయాయన్న బరువుతో, తన పేరు పెట్టుకున్న పసిపిల్లల ముచ్చటతో ఆమె ఫ్రాన్స్ తిరిగి వచ్చింది.

తర్వాత పెద్ద పోటీలకు పెట్టుబడి పెట్టేవాళ్లు ముందుకు రాలేదు. అయినా 1937లో మాంట్లెరీలో యాక్కో నూనె కంపెనీ పెట్టిన పరీక్షలో మరో ముగ్గురు మహిళలతో కలిసి పాల్గొంది. ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా 10 పగళ్లు, 10 రాత్రులు కారు ఆపకుండా నడిపారు. ఎన్నో రికార్డులు బద్దలయ్యాయి. మళ్లీ బుగాటీలో చేరాలని ఆశపడింది. 1939 ఆగస్టులో ఎత్తోరె కొడుకు జాన్ బుగాటీ కారు పరీక్షిస్తూ ప్రమాదంలో చనిపోయాడు. సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. రేసులు ఆగిపోయాయి.

ఆ ఒక్క సాయంత్రం

యుద్ధకాలంలో కొన్నాళ్లు పారిస్‌లో ఉంది. 1943లో దక్షిణ సముద్రతీరాన ఉన్న నీస్ నగరానికి మకాం మార్చింది. యుద్ధం ముగిసి, 1949లో మాంటెకార్లో ర్యాలీ మళ్లీ మొదలైంది. ఆమెకు దాదాపు యాభై ఏళ్లు. అయినా పాత ఉత్సాహంతో పేరిచ్చింది. ర్యాలీ సందర్భంగా మొనాకోలో విందు. అందరూ ఉన్నారు. లూయీ షిరాన్ లేచి, హెల్లే నీస్ యుద్ధకాలంలో జర్మన్ రహస్య పోలీసులైన గెస్టపోకు పనిచేసిందని నిండు సభలో ఆరోపించాడు.

షిరాన్ అంటే మామూలు మనిషి కాదు. మొనాకోవాసి. 1931లో సొంత ఊరి గ్రాండ్ ప్రీ గెలిచిన వీరుడు. ఆయన సాక్ష్యమేమీ చూపలేదు. చూపమని అడిగినవాళ్లూ లేరు. ఆ మాట ఎందుకంత లోతుగా తగిలిందంటే, బుగాటీ కార్లు నడిపిన సహచరులు కొందరు జర్మన్లను ఎదిరించి ప్రాణాలిచ్చారు. రాబర్ట్ బెన్వా 1944లో బుఖెన్‌వాల్డ్ శిబిరంలో, గ్రోవర్ విలియమ్స్ 1945లో సాక్సెన్‌హౌసెన్‌లో బలయ్యారు. ఆ పచ్చి గాయాల మీద దేశద్రోహి అనే మాట పడితే ఇక మాయదు. కేసు పెట్టి ఉంటే కోర్టులో తేల్చుకునేది. విచారణ జరిగి ఉంటే బదులు చెప్పేది. విందులో పడ్డ మాటకు ఎక్కడికెళ్లి జవాబు చెబుతుంది? మరో విషయం. ఆరోపణ చేసిన షిరాన్ స్వయంగా 1936లో జర్మనీకి చెందిన మెర్సిడెస్ జట్టు తరఫున రేసులు నడిపినవాడే. ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు.

ఆ తర్వాత స్పాన్సర్లు తప్పుకున్నారు. స్నేహితులు ముఖం చాటేశారు. ఆమెతో కలిసి ఉన్న అర్నాల్డో బినెల్లీ ఉన్న డబ్బు ఖర్చుపెట్టి, చివరికి వదిలి వెళ్లిపోయాడు. కుటుంబం ఎప్పుడో దూరమైంది. ఆస్తులన్నీ కరిగిపోయాక, పాత కళాకారులను ఆదుకునే లా రూ తూర్న్ అనే పారిస్ సంస్థ ఇచ్చే సాయమే దిక్కయింది. ఆ పేరుకు అర్థం చక్రం తిరుగుతుంది అని! నీస్‌లో ఒక ఇంటి పైకప్పు కింది ఇరుకు గదిలో, ఎవరూ గుర్తుపట్టకుండా మారుపేరుతో బతికింది. ఒకప్పుడు దీపాల మధ్య వెలిగిన పేరును దాచుకుని బతకాల్సి వచ్చింది. 1984 అక్టోబరు 1న కన్నుమూసింది. అంత్యక్రియల ఖర్చు కూడా ఆ సంస్థే భరించింది. చితాభస్మాన్ని తల్లిదండ్రుల సమాధి ఉన్న సాంత్-మెమ్ గ్రామానికి పంపారు. సమాధి రాయి మీద ఆమె పేరు మాత్రం చెక్కలేదు.

అంకెల వెనక మనిషి

బ్రిటిష్ రచయిత్రి మిరాండా సేమూర్ ఆమె కథను వెతికి పట్టుకుంది. హెల్లే నీస్ దాచుకున్న పేపరు కటింగులు, ఫొటోలు, ఉత్తరాలు జల్లెడ పట్టింది. జర్మన్ దస్తావేజుల్లో కూడా వెతికించింది. గెస్టపోకు ఆమె పనిచేసిందనడానికి ఆధారం ఒక్కటీ దొరకలేదు. 2004లో ఆ జీవితచరిత్ర పుస్తకంగా వచ్చింది. 2010లో సాంత్-మెమ్ శ్మశానంలో ఆమె పేరుతో ఫలకం పెట్టారు. చనిపోయిన ఇరవయ్యారేళ్లకు పేరు తిరిగొచ్చింది.

పాత కారు చరిత్ర తేల్చడం తేలికేమీ కాదు. ఒక కారు ఇంజను మరో కారులోకి చేరి ఉంటుంది. విరిగిన చాసిస్ మార్చి ఉంటారు. అచ్చు పాతవాటిలాగే ఉండే కొత్త బుగాటీలను అర్జెంటీనాలో తయారుచేస్తున్నారు కూడా. అందుకే నిజమైన కార్ల ప్రేమికులు ఎవరో చెప్పారని నమ్మరు. అంకె చూపించమంటారు, కాగితం చూపించమంటారు, పాత ఫొటో పక్కన పెట్టి పోల్చి చూస్తారు. అప్పుడుగాని ఔనని తల ఊపరు. ఒక ఇనప బండి విషయంలో పడే ఈ పాటి శ్రమ, 1949లో ఆ విందులో ఉన్నవాళ్లు ఒక మనిషి విషయంలో పడలేదు.

మన వీధుల్లో, ఆఫీసుల్లో, చుట్టాల ఇళ్లలో కూడా ఒక ఆడదాని గురించి ఎవరో ఏదో అంటారు. తలా ఒక నోరు కలిసి అది నిజమైపోతుంది. ఈసారి అలాంటి మాట చెవిన పడ్డప్పుడు, ఎవరు చూశారు, ఆధారమేమిటి అని ఒక్కరు అడిగినా చాలు. మొనాకోలో ఆ సాయంత్రం అలా అడిగే ఒక్క గొంతు లేకపోయింది.